పదిన్నర మైళ్ళ పరుగు

మా మనమడికి పన్నెండేళ్ళు. డాలస్ దగ్గర పుట్టి పెరిగినవాడు కనుక అట్లతద్ది ఎప్పుడొస్తుందో వాడికి తెలియదు గాని, 18,355 అనే అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

కిందటి శీతాకాలం మా ఆవిడా నేనూ వాళ్ళింట్లో నాలుగు నెలలు ఉన్నాము. వెళ్ళిన మర్నాడే వాడు నా చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కుపోయాడు. గోడమీద నిలువెత్తు పటం. నెత్తిమీద నీలిరంగు నక్షత్రం ఉన్న టోపీ (టోపీ అంటే మామూలు టోపీ కాదు, మోటారు సైకిలువాళ్ళు పెట్టుకునేలాంటిది), చంకలో బంతి, చొక్కామీద 22.

"ఈయన ఎవరో తెలుసా తాతయ్యా?"

తెలియదన్నాను. వాడు నన్ను చూసి జాలిపడ్డాడు.

"ఎమిట్ స్మిత్. ప్రపంచంలో ఇంత గొప్ప రన్నింగ్ బ్యాక్ ఇంకొకడు లేడు."

"ఎందుచేత గొప్పరా?"

"18,355 గజాలు పరిగెత్తాడు. అంత ఎవ్వరూ పరిగెత్తలేదు."

ముప్ఫయి నాలుగేళ్ళు పెన్షను లెక్కల్లో జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. అంకె కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మైలుకు 1,760 గజాలు. భాగించి చూద్దును గదా, పదిన్నర మైళ్ళు కూడా లేదు! బెజవాడలో బయలుదేరినవాడు గన్నవరం చేరడు.

"ఈ కాస్త దూరం పోవడానికి ఈయనకు ఎన్నాళ్ళు పట్టిందిరా?" అన్నాను.

"పదిహేనేళ్ళు" అన్నాడు వాడు, నా మొహంలోకి సూటిగా చూస్తూ. ఆ చూపులో వెటకారం ఏమీ లేదు. నా మాటలోనే ఉంది.

ఆ పదిన్నర మైళ్ళూ ఎట్లాంటివో నాకు తరువాత తెలిసింది. ఈ ఆటకు ఫుట్‌బాల్ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, బంతికి కాలు తగలడం బహు తక్కువ. కోడిగుడ్డును రెండు కొసలా లాగినట్టుండే బంతిని చేత్తో పట్టుకునే పోతారు. పక్షానికి పదకొండుమంది. బంతి ఉన్న పక్షానికి నాలుగు విడతలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు విడతలు. జరగలేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. కొన్ని విడతల్లో బంతిని దూరంగా విసురుతారు. కొన్ని విడతల్లో ఒకడి పొట్టలో కుక్కి, "పో" అంటారు. అట్లా పోయేవాడే రన్నింగ్ బ్యాక్.

మన చెడుగుడులో కూతకు పోయినవాడికి గీత దాటి వెనక్కి రావాలన్న ఆశ ఉంటుంది. ఇక్కడ వెనక్కి రావడమనేది లేదు. ఎదురుగా మణుగులకొద్దీ బరువున్న మనుషులు తన కోసమే కాచుకుని ఉంటారు. వాళ్ళ మధ్య నుంచి, మీదనుంచి, పక్కనుంచి, పడేసేదాకా ముందుకే పోవాలి. పడ్డాక లేచి, ఇంకో అరనిమిషంలో మళ్ళీ పోవాలి. ఎమిట్ స్మిత్ తన జీవితంలో 4,409 సార్లు ఇట్లా బంతి పట్టుకుని పోయాడట. 164 సార్లు గమ్యం చేరాడు. కొన్నిసార్లు పక్కగీత దాటి తప్పుకుని ఉంటాడు. తక్కినవన్నీ పడిపోవడాలే. ఇది తెలిసిన తరువాత గన్నవరం మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక గురువారం నాడు మావాడి ఇంట్లో జరిగిన తగాదా మీకు చెప్పాలి. నవంబరు చివర్లో వాళ్ళకు కృతజ్ఞతల పండుగ ఒకటి ఉంది. ఆ రోజు డాలస్ జట్టు సొంత మైదానంలో ఆడటం 1966 నుంచీ ఆనవాయితీ. ఊరంతా టెలివిజన్ల ముందు కూర్చుంటుంది. పక్కింటి పెద్దాయన కూడా వచ్చాడు. ఎనభైకి చేరువలో ఉన్నవాడు, ఒంటరివాడు. మా ఆవిడ చేసిన గారెలు అల్లం పచ్చడితో నాలుగు తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఐదోది అడిగి తీసుకున్నాడు.

ఆటకు విరామం ఇచ్చినప్పుడు మా మనమడు తన పాట మొదలుపెట్టాడు: ఎమిట్ స్మిత్, 18,355. పెద్దాయన నవ్వి, "నువ్వు జిమ్ బ్రౌన్‌ను చూడలేదు బాబూ" అన్నాడు.

ఆయన క్లీవ్‌లాండ్‌లో పుట్టి పెరిగాడు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి భుజం పక్కన నిలబడి జిమ్ బ్రౌన్ ఆట చూశాడు. బ్రౌన్ 1957 నుంచి 1965 దాకా తొమ్మిదేళ్ళే ఆడాడు. ఆ తొమ్మిదింటిలో ఎనిమిదేళ్ళు దేశం మొత్తంమీద అందరికంటె ఎక్కువ గజాలు అతనివే. 118 ఆటల్లో ఒక్కటీ తప్పలేదు. 12,312 గజాలు. అంటే ఆటకు నూటనాలుగు పైచిలుకు. ఆ రోజుల్లో ఏడాదికి ఆటలు కూడా తక్కువే. మొదట పన్నెండు, తరువాత పద్నాలుగు.

"ఎదటివాడు తగిలితే బ్రౌన్ పడేవాడు గాని, మెల్లిగా లేచేవాడు. ముసలివాడు మంచం మీదనుంచి లేచినట్టు. దెబ్బ తగిలిందా లేదా ఎవరికీ తెలియకూడదని ప్రతిసారీ అట్లాగే లేచేవాడు" అని పెద్దాయన కుర్చీలోంచి లేచి చూపించాడు. ఆయన లేవడం ఎట్లాగూ అంతే కాబోలు, మాకు నటన ఏదో నిజమేదో తెలియలేదు.

మరి తొమ్మిదేళ్ళకే ఎందుకు మానేశాడు? 1966 వేసవిలో అతను ఇంగ్లండులో 'డర్టీ డజన్' అనే సినిమాలో వేషం వేస్తున్నాడు. షూటింగు ఆలస్యమైంది. సాధనకు రాకపోతే వారానికింత జుల్మానా అని జట్టు యజమాని బెదిరించాడు. అంతే, మానేస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. కిందటి ఏడాదే దేశంలో మేటి ఆటగాడన్న బిరుదు పుచ్చుకున్నాడు. జుల్మానా మాట వినగానే రాజీనామా పారెయ్యాలని నాకూ ఎన్నోసార్లు అనిపించింది గాని, నాకు సినిమా వేషం ఎవరిచ్చారు?

ఇంతలో మావాడు అందుకున్నాడు. వాడు 1996లో పైచదువుకు డెట్రాయిట్ వెళ్ళాడు. చలికీ, అప్పుకీ, ఒంటరితనానికీ మందుగా ఆదివారాలు బ్యారీ శాండర్స్‌ను చూసేవాడట. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. నలుగురు చుట్టుముడితే ఆ నలుగురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకునేవాళ్ళు, అతను అవతల ఉండేవాడు. 1997లో ఒక్క ఏడాదిలో 2,053 గజాలు. గమ్యం చేరితే గంతులెయ్యడం, గుండెలు బాదుకోవడం లేదు. బంతిని మర్యాదగా అంపైరు చేతిలో పెట్టి వచ్చేవాడు.

"1989లో, మొదటి ఏడాది ఆఖరి ఆటలో, ఇంకో కొద్ది గజాలు పోతే ఆ ఏటికి అందరికంటె ముందుంటావు, వెడతావా అని అడిగారు నాన్నా. ఆట మనం గెలిచేశాంగా, వద్దులెండి అన్నాడు" అని మావాడు చెబుతుంటే గొంతు కాస్త బరువెక్కింది. నా కొడుకు ఒక ఆటగాడి గురించి అట్లా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ డెట్రాయిట్ ఆదివారాల సంగతి అప్పట్లో వాడు రాసిన ఉత్తరాల్లో ఒక్క ముక్క లేదు. "కులాసాగా ఉన్నాను" అని మాత్రం ఉండేది.

శాండర్స్ పదేళ్ళు ఆడాడు. 15,269 గజాలు. అప్పటికి అందరికంటె పైనున్న వాల్టర్ పేటన్ లెక్క 16,726. తేడా 1,457. శాండర్స్ అంతకుముందు ఏడాదే 1,491 పరిగెత్తాడు. అంటే ఇంకొక్క ఏడాది, మామూలుగా ఆడితే చాలు. 1999 జూలైలో తన సొంత ఊరు విచిటా పత్రికకు ఫాక్సులో ఒక ఉత్తరం పంపి, ఇక ఆడనన్నాడు. జట్టు గెలుస్తుందన్న ఆశ పోయిందని తరువాత చెప్పుకున్నాడు.

"అయితే పారిపోయాడన్నమాట" అన్నాడు మా మనమడు.

ఆ మాటకు తండ్రికీ కొడుక్కీ చాలా దూరం పోయింది. ఎమిట్ స్మిత్ ముందు డాలస్‌లో ఏనుగుల్లాంటివాళ్ళు దారి తొక్కి ఇచ్చారు, నడిచి వెళ్ళాడని తండ్రి. అయితే 1993లో జీతం తగాదా వచ్చి అతను మొదటి రెండు ఆటలూ ఆడకపోతే ఆ ఏనుగులే రెండూ ఎందుకు ఓడిపోయాయని కొడుకు. ఈ ప్రశ్నకు తండ్రి దగ్గర సమాధానం లేదు. నాకు కుర్రవాడి న్యాయవాదం నచ్చింది.

వాడు అక్కడితో ఆగలేదు. అదే ఏటి ఆఖరి ఆట, 1994 జనవరి 2న న్యూయార్క్ జట్టుతో. మొదటి సగంలోనే ఎమిట్ భుజం కీలు తప్పింది. ఊపిరి తీస్తే నొప్పి. అయినా బయటికి పోలేదు. ఆ ఆటలో 32 సార్లు బంతి పట్టుకుని 168 గజాలు పరిగెత్తాడు. విసిరిన బంతులు పది పట్టి ఇంకో 61 గజాలు చేర్చాడు. సమయం మించి అదనంగా ఆడిన ఆటలో మూడు పాయింట్లతో గెలిచారు. ఆ ఏడు జాతీయ విజేతలయ్యారు. ఇది చెబుతూ వాడు తన భుజం పట్టుకున్నాడు. ఈ ఆట జరిగి ముప్ఫయ్యేళ్ళు దాటింది, వీడు పుట్టి పన్నెండు!

నన్ను మధ్యవర్తిగా ఉండమన్నారు. నాకు ఆట తెలియదు గాని పట్టికలు తెలుసు. కుర్రవాడు రాసిపెట్టుకున్న పట్టిక తెప్పించి చూశాను. మొదట స్మిత్. రెండు పేటన్. నాలుగు శాండర్స్.

"మూడోవాడు ఎవర్రా ఈ ఫ్రాంక్ గోర్? సరిగ్గా 16,000 గజాలు. మీరు ముగ్గురూ రెండు గంటలుగా అరుస్తున్నారు, ఇతని పేరు ఎవరూ ఎత్తలేదేం?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఓ, గోర్..." అన్నాడు పెద్దాయన. "మంచివాడే" అన్నాడు మావాడు. "చాలాకాలం ఆడాడు తాతయ్యా" అన్నాడు మనమడు.

చాలాకాలం ఆడాడు! సన్మానసభల్లో నేను చాలాసార్లు విన్న వాక్యం ఇది. నా సన్మానంలో కూడా విన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక కుర్రవాడి కంప్యూటరు ముందు కూర్చుని గోర్ సంగతి చదివాను. 2005 నుంచి 2020 దాకా పదహారేళ్ళు, ఐదు జట్లు, 241 ఆటలు. రన్నింగ్ బ్యాక్ అయినవాడు ఇంకెవడూ అన్ని ఆటలు ఆడలేదు. వెయ్యి గజాలు దాటిన ఏళ్ళు తొమ్మిది. కాని ఏ ఒక్క ఏడూ దేశంలో అందరికంటె ముందు లేడు. ఆటకు 66 గజాలు. బ్రౌన్ నూటనాలుగు ఎక్కడ, ఇది ఎక్కడ? ఆఖరి ఏడు ఆడిన జట్టు పదహారింటిలో రెండే గెలిచింది. అందులో ముప్ఫయ్యేడేళ్ళ గోర్ 653 గజాలు కూడబెట్టాడు. పిసినారి వాడు పైసలు కూడబెట్టినట్టు.

మనమడి లెక్క ప్రకారం ఇతను శాండర్స్‌కంటె, బ్రౌన్‌కంటె గొప్పవాడు కావాలి. ఆ మాట చెప్పు అంటే మనమడే నోరు విప్పడు. అంటే వాడికీ తెలుసు, ఏళ్ళు లెక్కపెట్టినంత మాత్రాన కుదరదని. ఎమిట్ గొప్పవాడని వాడు నమ్మేది 18,355 వల్ల కాదు, ఆ భుజం వల్ల. 1991 నుంచి 1995 లోపల నాలుగేళ్ళు దేశంలో మొదటివాడుగా నిలిచినందువల్ల. తక్కిన గజాలు తరువాత వచ్చి చేరిన వడ్డీ. 2003లో ముప్ఫయినాలుగేళ్ళ వయసున ఆరిజోనా జట్టుకు పోయి, పాత సొంత మైదానానికే పరాయివాడుగా ఆడటానికి వచ్చి, ఆరుసార్లు బంతి పట్టి ఒక గజం వెనక్కి పోయి, భుజం ఎముక విరిగి బయటికి నడిచాడు. ఆ పగలు కూడా పదిహేనేళ్ళలో కలిసే ఉంది. లెక్కల పుస్తకానికి ఆ తేడా తెలియదు.

ఎదురు ఉదాహరణ కావలసినవాళ్ళకు గేల్ సేయర్స్ ఉన్నాడు. షికాగోలో 1965 నుంచి 1971 దాకా, అన్నీ కలిపి 68 ఆటలు. గజాలు ఐదువేలు కూడా నిండలేదు. మొదటి ఏడాదిలోనే, బురద తొక్కుడులో, అందరూ జారి పడుతుంటే ఒక్కడే ఆరుసార్లు గమ్యం చేరాడు. 1968లో ఒక మోకాలు పోయింది. కుట్టించుకుని వచ్చి 1969లో మళ్ళీ దేశంలో మొదటివాడయ్యాడు. 1970లో రెండో మోకాలు పోయింది. ఒహాయోలో కాంటన్ అనే ఊళ్ళో ఈ ఆటవాళ్ళకు కీర్తిమందిరం ఒకటి ఉంది. అందులోకి 1977లో, ముప్ఫయినాలుగేళ్ళకే పిలిచారు. అంత చిన్నవాడు అందులోకి మరి వెళ్ళలేదు. "ఇంకో పదేళ్ళు ఆడితే చూద్దాం" అని అక్కడ ఎవరూ అనలేదు.

సేయర్స్ బొమ్మ చూస్తుంటే నాకు మా ఆఫీసులో ఒకాయన గుర్తుకొచ్చాడు. పేరెందుకు గాని, నాకంటె రెండేళ్ళు పెద్ద. మా సెక్షనులో తొమ్మిదేళ్ళే పనిచేశాడు. ఆయన వచ్చేనాటికి మొగుడు పోయిన ఆడవాళ్ళు పెన్షను కోసం ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి వచ్చి, ఈ కాగితం లేదు, ఆ కాగితం లేదని నాలుగైదుసార్లు తిరుగుతూ ఉండేవాళ్ళు. కావలసిన కాగితాలన్నీ ఒక్క అరఠావుమీద తెలుగులో రాయించి, మొదటిసారి వచ్చినప్పుడే చేతికిచ్చే పద్ధతి ఆయన పెట్టాడు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. అప్పుడు దానికోసం ఆయన పై అధికారితో ఏడాది పోట్లాడాడు. నలభై నిండకుండా గుండెజబ్బుతో పోయాడు.

నేను ముప్ఫయి నాలుగేళ్ళు చేశాను. నిజం చెప్పాలంటే ఆఖరి ఐదారేళ్ళు నాది ఆరిజోనాయే. కంప్యూటర్లు వచ్చాయి, నాకు చేతకాలేదు, పక్క కుర్రవాడు చేసి పెడితే సంతకం పెట్టాను. ముందే తప్పుకోవలసింది. తప్పుకుంటే ఇంక్రిమెంటు పోతుంది, ఇంటి అప్పు ఉంది. సన్మానసభలో శాలువా కప్పి, వెండి పళ్ళెం ఇచ్చి, "ముప్ఫయి నాలుగు సంవత్సరాలు నిర్విరామంగా" అన్నారు. కిందికి దిగి వస్తుంటే గుమ్మం దగ్గర ప్యూను, పాతవాడు, "అయ్యా, ఆ అరఠావు కాగితం అయ్యగారు పెట్టిందే కదండీ" అని ఆయన పేరు చెప్పాడు. అవునన్నాను. పళ్ళెం ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర ఇదంతా మా ఆవిడతో అన్నాను. బ్రౌనూ శాండర్సూ సేయర్సూ ఒక వైపు, గోరూ నేనూ ఒక వైపు అన్నాను. ఆవిడకు ఆట తెలియదు, గోరూ తెలియదు.

"ఆయన తొమ్మిదేళ్ళకే పోయాడు, పాపం. ఆ కాగితం తరువాత ఇరవై ఏళ్ళు ఎవరిచ్చారండీ వచ్చినవాళ్ళకి?" అంది.

"నేనే ఇచ్చాను."

"మరి?" అని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

నేను మళ్ళీ వెళ్ళి గోర్ పేజీ తెరిచాను. రాత్రి పైపైన చూసి వదిలేసిన ముక్క ఒకటి ఉంది. కాలేజీలో ఉండగానే అతనికి రెండు మోకాళ్ళూ, ఒకదాని తరువాత ఒకటి, తెగిపోయాయి. రెండింటికీ కోతలయ్యాయి. ఈ కాళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయిలే అని జట్లన్నీ సందేహించి, అరవైనలుగురిని ఎంచుకున్న తరువాత అరవైయైదోవాడుగా తీసుకున్నారు. సేయర్స్‌ను మైదానంలోంచి పంపించిన ఆ దెబ్బే ఇతనికి ఆట మొదలు కాకముందే రెండుసార్లు తగిలిందన్నమాట. ఆ మోకాళ్ళతో పదహారేళ్ళు, 3,735 సార్లు ఆ గోడలోకి దూరాడు. సేయర్స్ నాటి వైద్యం వేరు, ఇప్పటి వైద్యం వేరు, నిజమే. అయినా కోసి కుట్టిన కాలును ప్రతి ఆదివారం ఆ మనుషుల కిందికి పంపించేది వైద్యుడు కాదు గదా.

గొప్పవాడా అంటే ఇప్పటికీ బ్రౌన్ పక్కన కూర్చోబెట్టలేను. శాండర్స్ పక్కన కూడా కూర్చోబెట్టలేను, మావాడు ఊరుకోడు. కాని "చాలాకాలం ఆడాడు" అనే మాట ఇతని విషయంలో ఎవరైనా అలవోకగా అంటే నాకు ఇకమీదట కోపం వస్తుంది.

మేము తిరిగివచ్చి మూడు నెలలైంది. మొన్న ఆదివారం మనమడు ఫోను చేశాడు. పట్టిక మళ్ళీ రాశాడట, ఈసారి ఆటకు ఎన్ని గజాలు అన్న లెక్కన. జిమ్ బ్రౌన్ 104.3తో మొదటికి వచ్చాడు. పక్కింటి పెద్దాయనకు చూపిస్తే ఒక డాలరు ఇచ్చాడట. శాండర్స్‌కు 99.8. తండ్రి కూడా సంతోషించాడు.

"మరి ఎమిట్?"

"81.2" అన్నాడు, కొంచెం చిన్న గొంతుతో.

"పటం తీసేశావా?"

"తియ్యలేదు. ఎందుకు తీస్తాను?"

"ఫ్రాంక్ గోర్‌ను ఎక్కడ పెట్టావు?"

"అతన్ని ఇందులో పెట్టలేదు తాతయ్యా. వేరే కాగితం తీశాను. అందులో ఇంకా ఒక్క పేరే ఉంది."

"ఏం పట్టికరా అది?"

"పేరు ఇంకా పెట్టలేదు. పెట్టాక చెబుతాను" అని, నానమ్మకు ఫోను ఇమ్మన్నాడు. గారెలు ఎట్లా చెయ్యాలో పెద్దాయన కనుక్కోమన్నాడట.